ప్రయోగం ఖర్చు ఎవరిది? తెలంగాణ చిన్న పరిశ్రమలు, రక్షణ పరిశోధన

వరంగల్ నుంచి హైదరాబాద్‌కు మీలో చాలామంది ఎన్నోసార్లు ప్రయాణం చేసి ఉంటారు. యాదగిరిగుట్ట అనగానే మనకు నరసింహస్వామి గుడి గుర్తుకొస్తుంది. ఆ దగ్గరలోనే పెద్దకందుకూరులో ఒక ప్రైవేటు కర్మాగారం ఉంది. గనులకు పేలుడు పదార్థాలు తయారుచేస్తూ మొదలైన ఆ సంస్థ, తర్వాత ఆకాశ్ క్షిపణికి ఘన ఇంధనం తయారుచేసే స్థాయికి ఎదిగింది. ఆ సంగతి తెలిసినవారు తక్కువ. ఘట్‌కేసర్ దాటి చర్లపల్లి, కుషాయిగూడ వైపు తిరిగితే రేకుల షెడ్లు వరుసగా కనిపిస్తాయి. కొన్నింటికి సరైన బోర్డు కూడా ఉండదు. లోపల పది మందో ఇరవై మందో పనిచేస్తూ ఉంటారు. క్షిపణిలోనో రాడార్‌లోనో అమరే ఒక ముక్క ఆ షెడ్డులో తయారవుతూ ఉండవచ్చు. చేస్తున్న కార్మికుడికి అది ఎక్కడ అమరుతుందో తెలియకపోవచ్చు కూడా.

ఈ పాఠంలో మనం అడగబోయే ప్రశ్న చాలా మామూలుది. ఇంతకుముందు ఎవరూ చేయని ఒక వస్తువును చిన్న పరిశ్రమ మొదటిసారి చేసి చూడాలంటే ఖర్చవుతుంది. మొదటి ముక్క పాడవుతుంది, రెండోది పరీక్షలో నిలవదు, మూడోదానికి లోహమే దొరకదు. ఆ ఖర్చు ఎవరు భరించాలి? బట్టల మిల్లో బియ్యం మిల్లో అయితే యజమాని భరిస్తాడు, రేపు బజారులో రాబట్టుకుంటాడు. సైనిక వస్తువుకు బజారు లేదు. కొనేది ఒక్కరే, అది ప్రభుత్వం. అందువల్ల ప్రయోగం ఖర్చు సంగతి కూడా చివరికి ప్రభుత్వం గుమ్మం దగ్గరికే వస్తుంది. ఆ గుమ్మం దగ్గర గత ఎనభై, తొంభై ఏళ్లలో ఏం జరిగిందన్నదే మన చరిత్ర.

కొనేవాడు కొలిమి దగ్గరికి వచ్చిన కాలం

అంతకంటే పాత సంగతి ఒకటి ముందు చెప్పాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించే కొలిములు ఉండేవి. ఆ ఉక్కు పర్షియాకు వెళ్లి కత్తులయ్యేది. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ ఊరికి వెళ్లి తాను చూసింది రాశాడు. అది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి పర్షియన్ వర్తకులు ఆ ఊళ్లోనే మకాం వేసి ఉండడాన్ని ఆయన గమనించాడు. అంటే ఆయుధానికి పనికివచ్చే లోహాన్ని చిన్న కొలిమి చేసేది. దాని మంచిచెడ్డలు తేల్చుకునే కొనుగోలుదారు కొలిమి పక్కనే ఉండేవాడు. చేసేవాడికీ కొనేవాడికీ మధ్య దూరం లేదు. తర్వాతి కథంతా ఆ దూరం ఎలా పెరిగిందన్నదే కాబట్టి దీన్ని మనసులో పెట్టుకోండి.

ఆధునిక కాలానికి వస్తే, నిజాం ప్రభుత్వం 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసింది. పెద్ద పరిశ్రమల్లో వాటాలు కొనడం, చిన్న పరిశ్రమలకు చేయూతనివ్వడం దాని పని. వరంగల్ వారికి ఈ నిధి పరాయిది కాదు. 1934లో మొదలై, మూడు తరాలు అన్నం తిని, 2002లో మూతపడిన ఆజంజాహి మిల్లులో ఈ నిధికి వాటా ఉండేది. 1942లో వచ్చిన ఆల్విన్ లోహ కర్మాగారంలోనూ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది. యంత్రాలను చేసే యంత్రాలు తయారుచేయడం దాని పని. తర్వాతి కాలంలో కేంద్ర ప్రభుత్వమే అందులో ప్రధాన వాటాదారు అయింది. 1944లో హైదరాబాద్ రాజ్యం సొంతంగా శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనకు కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. ఇవాళ తార్నాకలో ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ దాని వారసురాలే.

ఈ మూడింటినీ కలిపి చూడండి. పెట్టుబడికి ట్రస్టు నిధి, యంత్రానికి ప్రాగా, పరిశోధనకు ప్రయోగశాల. 1948కి ముందే ఈ మూడూ ఒకే నగరంలో ఉన్నాయి. రక్షణ పరిశోధన హైదరాబాద్‌కు రావడానికి కారణాలు చెప్పేటప్పుడు చాలామంది 1960ల నుంచే మొదలుపెడతారు. నాకు అది సరైన పద్ధతిగా తోచదు. ముందు తరం చేతులు లేకపోతే తర్వాతి తరం ప్రయోగశాలలకు ఫిట్టరు, టర్నరు ఎక్కడి నుంచి వచ్చేవారు?

ప్రయోగశాలలు, వాటి చుట్టూ షెడ్లు

స్వతంత్ర భారతదేశం 1958లో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. అందరం డీఆర్‌డీఓ అని పిలిచేది దాన్నే. క్షిపణుల మీద పనిచేసే ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. రక్షణ ఎలక్ట్రానిక్స్‌కు, లోహాలకు సంబంధించిన ప్రయోగశాలలు కూడా ఆ దశాబ్దంలోనే ఇక్కడ నిలదొక్కుకున్నాయి. 1967లో ఈసీఐఎల్, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ వచ్చాయి. భారత్ డైనమిక్స్ మొదట్లో ఫ్రెంచి లైసెన్సుతో ట్యాంకు విధ్వంసక క్షిపణి తయారుచేసేది. అంటే నమూనా వారిది, కూర్పు మనది.

ఇవన్నీ ప్రభుత్వ సంస్థలు. చిన్న పరిశ్రమ వీటి నీడలో మొలిచింది. హెచ్‌ఎంటీలో పనిచేసిన ఇంజనీర్లు కొందరు 1970లో బాలానగర్‌లో ఎంటార్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ పేరులోని అక్షరాలను విప్పి చదివితే 'యంత్ర పరికరాల సామగ్రి, మరమ్మతు' అని అర్థం వస్తుంది. పాత యంత్రాలను బాగుచేసే ఉద్దేశంతో పెట్టుకున్న పేరు అది. అదే సంస్థ తర్వాత అణు రియాక్టర్లకు, ఇస్రో రాకెట్ ఇంజన్లకు, క్షిపణులకు అతి సూక్ష్మమైన కొలతలతో భాగాలు చేసింది. 1968లో బాలానగర్‌లో పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ కూడా వచ్చింది కాబట్టి, డై చేయగల కుర్రవాళ్లకు ఆ ప్రాంతంలో కొదవలేదు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆ రోజుల్లో 'చిన్న పరిశ్రమ పరిశోధనకు గ్రాంటు' అనే పేరుతో ఏ పథకమూ లేదు. ప్రయోగశాల ఒక డ్రాయింగు ఇచ్చి, 'ఈ లోహం మేమిస్తాం, ఇన్ని ముక్కలు చేసిపెట్టు' అనేది. దీన్ని జాబ్ వర్క్ అంటారు. కాగితం మీద అది కూలి పని. నిజానికి అందులోనే పరిశోధన దాగి ఉండేది. డ్రాయింగులో గీసింది లేత్ మీద రాదు. అప్పుడు షెడ్డు యజమాని, ప్రయోగశాల శాస్త్రవేత్త పక్కపక్కన కూర్చుని కొలత మార్చేవారు, పనిముట్టు మార్చేవారు. పాడైన ముక్క లోహం ఖర్చు ప్రయోగశాలది, పోయిన రాత్రుల ఖర్చు యజమానిది. పుస్తకాల్లో ఎక్కడా 'పరిశోధన వ్యయం' అని నమోదు కాలేదు గానీ, జరిగింది అదే. కోనసముద్రం వర్తకుడిలాగే కొనేవాడు కొలిమి పక్కన ఉన్నాడు.

1983 తర్వాత

ఈ ఏర్పాటుకు పెద్ద ఊపు వచ్చింది సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమంతో. 1982లో ఏ.పీ.జే. అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చారు. 1983లో పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అనే అయిదింటిని ఒకేసారి చేపట్టడానికి 388 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. అన్నీ ఒకే ప్రయోగశాలలో చేయడం అసాధ్యం కాబట్టి విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కర్మాగారాలు, ప్రైవేటు పరిశ్రమలు అన్నీ కలిసి డెబ్బైకి పైగా భాగస్వాములయ్యాయి. పృథ్వి మొదటి ప్రయోగం 1988 ఫిబ్రవరి 25న, అగ్ని మొదటి ప్రయోగం 1989 మే 22న జరిగాయి.

మధ్యలో 1987లో పారిశ్రామిక దేశాలు కొన్ని కలిసి క్షిపణి సాంకేతిక పరిజ్ఞాన నియంత్రణ ఏర్పాటు చేసుకున్నాయి. దానితో మనకు ప్రత్యేక లోహాలు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు బయట కొనడం కష్టమైంది. పాఠ్యపుస్తకాలు దీన్ని దేశానికి ఎదురైన అవమానంగానో సవాలుగానో చెప్పి వదిలేస్తాయి. ఆర్థిక చరిత్ర విద్యార్థులు దీన్ని మరో వైపు నుంచి చూడాలి. దిగుమతి ఆగిపోవడం చిన్న పరిశ్రమకు ఇచ్చిన అతి పెద్ద హామీ. 'నువ్వు చేస్తే నేను కొనక తప్పదు' అని ప్రభుత్వం నోటితో అనకపోయినా పరిస్థితి అన్నది. వేమ్ టెక్నాలజీస్ 1988లో, ఆస్ట్రా మైక్రోవేవ్ 1991లో, అనంత్ టెక్నాలజీస్ 1992లో, జెన్ టెక్నాలజీస్ 1993లో హైదరాబాద్‌లో పుట్టాయి. వీటిలో కొన్నింటిని పెట్టినవారు ప్రభుత్వ ప్రయోగశాలల్లో, అంతరిక్ష కేంద్రాల్లో పనిచేసి బయటకు వచ్చినవారు. వారు తెచ్చుకున్న మూలధనంలో డబ్బు కంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. ప్రయోగశాలలో ఎవరికి ఏం కావాలో వారికి తెలుసు.

ఒక చిన్న పక్కదారి. అగ్ని కోసం తయారుచేసిన తేలికైన మిశ్రమ పదార్థంతో పోలియో పిల్లలకు కాలి పట్టీలు చేశారు. మూడు, నాలుగు కిలోలు ఉండే లోహపు పట్టీ స్థానంలో సుమారు 300 గ్రాముల పట్టీ వచ్చింది. నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు వాటితో నడవడం చూసిన సంతోషం గురించి కలాం చాలాచోట్ల చెప్పుకున్నారు. సైనిక పరిశోధనకు పెట్టిన సొమ్ము సమాజానికి తిరిగి వస్తుందా అని పరీక్షల్లో అడుగుతుంటారు. ఆ ఉదాహరణ మంచిదే గానీ, అది ఒక్కటే పట్టుకుని ప్రతి రూపాయీ అలాగే తిరిగి వచ్చిందని రాయకండి.

అమెరికా చేసిన మరో పని

మన దగ్గర క్షిపణి కార్యక్రమం మొదలవుతున్న సమయానికే అమెరికా ఇదే ప్రశ్నకు మరో రకం జవాబు వెతికింది. అక్కడి జాతీయ విజ్ఞాన ఫౌండేషన్‌లో రోలండ్ టిబెట్స్ అనే అధికారి 1970ల చివర చిన్న సంస్థల పరిశోధనకు సొమ్ము ఇచ్చే ప్రయోగం నడిపారు. అది బాగా నడిచిందని గ్రహించిన కాంగ్రెస్ 1982లో చట్టం చేసింది. ఆ ఏడాది జూలై 22న అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. బయటి సంస్థల పరిశోధనకు ఏడాదికి 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి ప్రభుత్వ శాఖా అందులో ఒక వంతును చిన్న సంస్థలకు కేటాయించి తీరాలి. మొదట 0.2 శాతంతో మొదలైన ఆ వంతు 2017 నాటికి 3.2 శాతానికి చేరింది. అన్ని శాఖల్లోకీ పెద్ద వాటా రక్షణ శాఖదే. క్వాల్‌కామ్ వంటి సంస్థలు చిన్నగా ఉన్నప్పుడు ఈ సొమ్ము అందుకున్నవే.

ఈ పథకం మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో కొన్ని నెలలపాటు 'ఇది అసలు సాధ్యమా' అని తేల్చుకోవడానికి కొద్ది సొమ్ము. రెండో దశలో సుమారు రెండేళ్లు నమూనా తయారీకి పెద్ద సొమ్ము. మూడో దశలో ఈ పథకం నుంచి సొమ్మేమీ రాదు. కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. మొదటి రెండు దశల్లో వచ్చిన పనికి కొనసాగింపుగా ఆ సంస్థ నుంచే, మళ్లీ పోటీ టెండరు పిలవకుండా, ప్రభుత్వ శాఖ నేరుగా కొనుక్కోవచ్చు. ప్రయోగం చేసినవాడికి దక్కే హక్కు అది. అయినా అక్కడ కూడా నమూనా దగ్గరే ఆగిపోయిన సంస్థలు ఎన్నో ఉన్నాయి. హక్కు ఉండడం వేరు, ఆర్డరు రావడం వేరు.

మన పథకాలు

ఈ ఆలోచన మన దేశానికి రక్షణ రంగం ద్వారా రాలేదు. మొదట అందుకున్నది బయోటెక్నాలజీ శాఖ. 2005లో దాదాపు అమెరికా పథకం పేరుతోనే చిన్న సంస్థల పరిశోధనకు ఒక పథకం పెట్టింది. మన జినోమ్ వ్యాలీ చుట్టుపక్కల సంస్థలకు అది పరిచయమే. రక్షణ రంగంలో 2001లో ప్రైవేటు పెట్టుబడికి తలుపులు తెరిచారు గానీ, ప్రయోగం ఖర్చు గురించిన మాట చాలాకాలం రాలేదు. 2014 జూలై బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ సాంకేతిక అభివృద్ధి నిధికి 100 కోట్లు ప్రకటించారు. డీఆర్‌డీఓ నడిపే ఈ నిధి కింద ఒక ప్రాజెక్టుకు మొదట 10 కోట్ల వరకు, 2022 నుంచి 50 కోట్ల వరకు ఇస్తారు. ప్రాజెక్టు వ్యయంలో 90 శాతం వరకు గ్రాంటుగా రావచ్చు. పుట్టిన మేధోసంపత్తి మీద సంస్థకూ డీఆర్‌డీఓకూ ఉమ్మడి హక్కు ఉంటుంది.

2018 ఏప్రిల్‌లో చెన్నై దగ్గర జరిగిన రక్షణ ప్రదర్శనలో ప్రధానమంత్రి ఐడెక్స్ పథకాన్ని ప్రారంభించారు. సైన్యమే తనకున్న సమస్యను ముందు ప్రకటిస్తుంది. 'దీనికి పరిష్కారం చూపండి' అని అంకుర సంస్థలను అడుగుతుంది. ఎంపికైన సంస్థకు మొదట కోటిన్నర వరకు, 2022 తర్వాత కొన్ని సమస్యలకు 10 కోట్ల వరకు, 2024లో వచ్చిన అదితి పథకం కింద 25 కోట్ల వరకు గ్రాంటు ఇస్తారు. 2021లో అయిదేళ్లకు 498.78 కోట్లు మంజూరు చేసి, సుమారు 300 సంస్థలకు సాయం చేయాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. 2022 బడ్జెట్‌లో రక్షణ పరిశోధన సొమ్ములో 25 శాతం పరిశ్రమకు, అంకుర సంస్థలకు, విద్యాసంస్థలకు తెరుస్తామని ఆర్థిక మంత్రి ప్రకటించారు. అమెరికాలో వంతు చట్టంలో ఉంది. ఇక్కడ బడ్జెట్ ప్రసంగంలో ఉంది. ఈ తేడాను పరీక్షలో రాయకపోయినా మనసులో ఉంచుకోండి.

అంకెలు ఆశాజనకంగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ జాబ్ వర్క్ చాటున దాగిన పరిశోధన ఖర్చుకు ఇప్పుడు ఒక పేరు, ఒక పద్దు వచ్చాయి. దీన్ని చిన్న విషయంగా చూడకూడదు. అయితే పేరు వచ్చిన చోటే కొత్త చిక్కు కూడా వచ్చింది.

నమూనా తర్వాత

దూరవిద్య కేంద్రంలో ఆదివారం తరగతులు చెప్పే రోజుల్లో నా ముందు వరుసలో యాభై ఏళ్ల విద్యార్థి ఒకాయన కూర్చునేవాడు. వరంగల్ మనిషే. ఐటీఐ చేసి, హైదరాబాద్‌లో టర్నరుగా చేరి, తర్వాత నలుగురు పనివాళ్లతో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. డిగ్రీ లేదన్న కొరత తీర్చుకోవడానికి తరగతులకు వచ్చేవాడు. పారిశ్రామిక విధానం పాఠం రోజున నన్ను ఆపి తన కథ చెప్పాడు. ఒక ప్రభుత్వ సంస్థ కోసం ఒక భాగాన్ని అభివృద్ధి చేశాడట. మూడుసార్లు తిప్పికొట్టారు, నాలుగోసారి పాసయింది. పన్నెండు ముక్కలు తీసుకున్నారు. తర్వాత రెండేళ్లకు పెద్ద సంఖ్యలో టెండరు వచ్చింది. తక్కువ ధర వేసినవారికి వెళ్లిపోయింది. అభివృద్ధి ఖర్చు తన ధరలో కలిసి ఉంది, అవతలివాడికి ఆ ఖర్చే లేదు.

"సార్, పరిశోధన చేయించేటాయన వేరు, సరుకు కొనేటాయన వేరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటరు గాని మాట్లాడుకోరు" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు పారిశ్రామిక విధానం బోధించాను. ఈ విషయాన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం ఏ నివేదికలోనూ చదవలేదు.

ఆయన చెప్పినదాన్ని కొంచెం విడదీసి చూద్దాం. మన వ్యవస్థలో పరిశోధన చేయించేది ప్రయోగశాల లేదా ఐడెక్స్ వంటి విభాగం. కొనేది సైన్యం. బిల్లు పాస్ చేసేది రక్షణ ఖాతాల విభాగం. ఒక్కొక్కరికీ ఒక్కో భయం. ప్రయోగశాలకు గడువు భయం, సైన్యానికి యుద్ధంలో పనిచేయదేమోనన్న భయం, ఖాతాల విభాగానికి ఆడిట్ భయం. అతి తక్కువ ధర వేసినవాడికే ఇవ్వాలన్న నియమం ఈ మూడో భయం నుంచి పుట్టింది. అవినీతిని ఆపడానికి పెట్టిన మంచి నియమమే అది. సిమెంటు, బూట్లు కొనేటప్పుడు అది సరిపోతుంది. మొదటిసారి చేసిన వస్తువు దగ్గర మాత్రం అది ప్రయోగం చేసినవాణ్నే దెబ్బతీస్తుంది.

పరీక్షల సంగతి మరొకటి. సైనిక ఎలక్ట్రానిక్ పరికరం జేఎస్‌ఎస్ 55555 అనే ప్రమాణానికి నిలవాలి. వేడి, చలి, కుదుపు, దుమ్ము, ఉప్పు గాలి, తేమ అన్నింటిలో పెట్టి చూస్తారు. ఆ పరీక్షలు చేసే యంత్రాలు చిన్న షెడ్డులో ఉండవు. బయట అద్దెకు తీసుకోవాలి, వరుసలో నిలబడాలి. ఈ మధ్య డీఆర్‌డీఓ తన పరీక్షా కేంద్రాలను పరిశ్రమకు తెరవడం వల్ల కొంత ఊరట కలిగింది. గ్రాంటు చేతికి వచ్చినా నడిచే ఖర్చు ఆగదు. జీతాలు నెలనెలా ఇవ్వాలి, బ్యాంకు వడ్డీ కట్టాలి. 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజుల్లోపు సొమ్ము చెల్లించాలి, లేదంటే చక్రవడ్డీతో కట్టాలి. చట్టం బాగుంది. కానీ ఉన్న ఒకే ఒక్క కొనుగోలుదారు మీద వడ్డీ కోసం కేసు వేసే చిన్న యజమాని నాకు ఇంతవరకు తారసపడలేదు.

పథకాలు రూపొందించినవారికి ఈ సంగతి తెలియదనుకోవడం పొరపాటు. 2020 రక్షణ కొనుగోలు విధానంలో ఐడెక్స్ ద్వారా వచ్చిన వస్తువులను కొనడానికి ప్రత్యేక మార్గం చేర్చారు. అంటే అమెరికా మూడో దశ వంటిది మన నియమాల్లోకి వచ్చింది. అది ఎంతమందిని నమూనా దాటించి ఆర్డరు దాకా తీసుకువెళ్తుందో లెక్కగట్టడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, 1980ల నాటి జాబ్ వర్క్ పద్ధతిలో గ్రాంటు లేకపోయినా కొనేవాడు పక్కన ఉన్నాడు. ఇప్పుడు గ్రాంటు ఉంది, కొనేవాడు దూరంగా ఉన్నాడు. ఈ మాటతో మీరు ఏకీభవించకపోవచ్చు. పాత పద్ధతిలో తెలిసినవారికే పని దొరికేది, కొత్తవారికి తలుపు తెరుచుకునేది కాదు అని మీరు వాదిస్తే, అదీ నిజమే.

వరంగల్ ఎందుకు కాలేదు

వరంగల్ విద్యార్థులు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఇది. 1959 అక్టోబర్ 10న నెహ్రూ ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. అటువంటి కళాశాలల్లో దేశంలో అదే మొదటిది. 2002లో అది ఎన్‌ఐటీ అయింది. డీఆర్‌డీఎల్ హైదరాబాద్‌కు రావడానికి మూడేళ్ల ముందే ఇంజనీర్లను తయారుచేసే చోటు వరంగల్‌లో ఉందన్నమాట. రైలు జంక్షను కాజీపేటలో ఉంది, నిజాం నాటి విమానాశ్రయం మామునూరులో ఉంది. అయినా క్షిపణి భాగాలు చేసే షెడ్లు ఇక్కడ వరుసలు కట్టలేదు.

పైన చెప్పిన చరిత్ర చదివాక జవాబు మీకే తెలిసిపోతుంది. చిన్న పరిశ్రమ కళాశాల చుట్టూ పెరగలేదు, కొనుగోలుదారు చుట్టూ పెరిగింది. కొలత మార్చడానికి శాస్త్రవేత్త సాయంత్రం స్కూటరు మీద షెడ్డుకు రాగలిగిన దూరం ఎంతో, ఆ పరిశ్రమ విస్తరించిన దూరం దాదాపు అంత. బాలానగర్, కుషాయిగూడ ఆ దూరంలో ఉన్నాయి. నూట నలభై కిలోమీటర్ల అవతల ఉన్న వరంగల్ ఆ దూరంలో లేదు. మనం ఇంజనీర్లను పంపాం, ఆర్డర్లు తిరిగి రాలేదు.

గ్రాంటు పద్ధతి వచ్చాక ఈ లెక్క కొంత మారవచ్చు. ఐడెక్స్ దరఖాస్తు చేయడానికి కంచన్‌బాగ్ పక్కన ఉండనవసరం లేదు. సమస్యను చదివి పరిష్కారం రాయగలిగితే చాలు. హన్మకొండలో ముగ్గురు ఇంజనీర్లు కలిసి దరఖాస్తు పెట్టవచ్చు. అయితే నమూనా పరీక్షకు, ఆ తర్వాత ఆర్డరు వెంట తిరగడానికి మళ్లీ హైదరాబాద్, ఢిల్లీ బాట పట్టాల్సిందే.

ఆధారాల గురించి ఒక మాట

ఈ విషయం మీద ప్రాజెక్టు రాయదలచిన విద్యార్థులకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ప్రయోగశాలల రికార్డులు రహస్యం. పెద్ద సంస్థలకు వార్షిక నివేదికలు ఉన్నాయి, శాస్త్రవేత్తలకు ఆత్మకథలు ఉన్నాయి. నలుగురు పనివాళ్ల షెడ్డుకు ఏమీ లేదు. అక్కడి చరిత్ర చలానా పుస్తకాల్లో, తిరస్కరించిన ముక్కకు జతచేసిన తనిఖీ చీటీల్లో, యజమాని జ్ఞాపకంలో ఉంటుంది. షెడ్డు మూసిన రోజున ఆ కాగితాలన్నీ తుక్కు కొట్టుకు వెళ్తాయి.

నేను చెప్పిన విద్యార్థి డిగ్రీ పూర్తిచేశాడు. పరీక్షలయ్యాక ఒకసారి షెడ్డుకు పిలిస్తే వెళ్లాను. బల్ల మీద కాగితాలు ఎగరకుండా తిరస్కరణకు గురైన మొదటి ముక్కను బరువుగా పెట్టుకున్నాడు. అలమరలో ఇరవై రెండేళ్ల చలానా పుస్తకాలు దుమ్ము పట్టి ఉన్నాయి. పారేయవద్దని, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం కట్టలు కట్టి పెట్టమని చెప్పి వచ్చాను.